అన్నద్వేషం తపస్సు కాదు

పదిహేనేళ్ళ బాలిక రెండవసారి అన్నం వడ్డించుకోగానే పంక్తిలో ఎవరో ఆమె స్థూలకాయాన్ని పరిహసిస్తారు. మరునాటి నుండి ఆమె రాత్రి భోజనం మానివేస్తుంది. ఇంటివారు దానిని నిగ్రహమని ప్రశంసిస్తారు. నా దృష్టిలో అది నిగ్రహం కాదు, ద్వేషం.

నీవు దేహానివి కావు, ఆత్మవు అని ఆమెను ఓదార్చడం కూడ తొందరపాటే. దేహాన్ని ప్రేమించడమే కాదు, ద్వేషించడం కూడ దేహాభిమానమే. అద్దం ముందు అనుక్షణం కుమిలిపోయే మనస్సు దేహాన్ని విడువలేదు. మరింత గట్టిగా పట్టుకొన్నది.

తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లిని స్మరించండి. భృగువు మొదట అన్నమే బ్రహ్మమని తెలుసుకొన్నాడు. పిదప ప్రాణ, మనో, విజ్ఞానాలను దాటి ఆనందాన్ని చేరాడు. అయినను ఉపనిషత్తు అన్నాన్ని విడిచిపెట్టలేదు. తిరిగి దాని వద్దకే వచ్చి, అన్నాన్ని నిందించరాదని వ్రతంగా విధించింది. తండ్రియైన వరుణుడు కుమారుని అసంపూర్ణ జ్ఞానాన్ని ఒక్కమారైనా ఎగతాళి చేయలేదు. మళ్ళీ తపస్సుకే పంపాడు.

గీత ఆరవ అధ్యాయంలో అతిభోజనం, నిరాహారం రెండును యోగానికి ప్రతిబంధకాలే. కనుక మితాహారం బోధించదలచిన పెద్దలు ముందు తమ వాక్కును మితం చేసుకోవాలి. బాలిక భోజనం మానుతూనే ఉంటే, తిన్నది కక్కుకొంటూ ఉంటే, వ్రతమని మురిసిపోక వైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి. ఇతరులకు ఉద్వేగం కలిగించని వాక్కును పదిహేడవ అధ్యాయం తపస్సులో చేర్చింది. బరువు ప్రస్తావన లేకుండ ఆమె ప్రక్కన కూర్చొని కలసి భుజించడమే గృహస్థునికి ఆ తపస్సు.