వారానికి రెండు సాయంత్రాలు

గూడూరులో కాళిదాసు కళానికేతన్ అనే సంస్థ పాటల పోటీలు పెట్టేది. ఒక ఏడాది ఆ పోటీలో, ఇంకా చదువుకుంటున్న నెల్లూరు కుర్రాడొకడు పాడాడు. రెండో బహుమతి వచ్చింది. అతిథిగా వచ్చిన ఎస్. జానకి ఆ గొంతు విని, సినిమాల్లో ప్రయత్నిస్తే పైకొస్తావని చెప్పారు. ఆ మాటను ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం జీవితమంతా వేదికల మీద చెప్పుకుంటూనే వచ్చారు. 1966 డిసెంబరులో ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ కోసం ఆయన తొలి సినిమా పాట రికార్డయింది.

ఈ కథను మనం అదృష్టం కథగా చెప్పుకుంటాం. నాకు మాత్రం అందులో గూడూరే ముందు కనబడుతుంది. జాతీయ రహదారి పక్కన ఉన్న ఒక చిన్న పట్నంలో కొందరు పూనుకుని పోటీ పెట్టారు, చందాలు పోగుచేశారు, హాలు చూశారు, మద్రాసు నుంచి గాయనిని పిలిపించారు. ఆ పని ఎవరూ చేయకపోతే ఆ సాయంత్రమే లేదు. ఇక ఆ కుర్రాడి వెనక ఉన్నది ఇల్లు. తండ్రి సాంబమూర్తి హరికథా భాగవతులు. బాలు గురువు దగ్గర కూర్చుని శాస్త్రీయ సంగీతం నేర్చుకోలేదు. తండ్రి సాధన వింటూ, ఆయన హార్మోనియం, ఫ్లూటు వాయిస్తుంటే చూస్తూ నేర్చుకున్నారు. రోజువారీ పాఠం ఆ ఇంట్లోనే నడిచింది. హార్మోనియం లేని ఇంట్లో పుట్టిన పిల్లకు ఆ పాఠం ఎక్కడ దొరకాలి?

ఆ ప్రశ్నతోనే తీరం వైపు చూద్దాం. జిల్లాల విభజనకు ముందు నెల్లూరు తీరం పొడవు 169 కిలోమీటర్లు. 2022 ఏప్రిల్‌లో దక్షిణ భాగం తిరుపతి జిల్లాకు వెళ్లింది. గీత మారింది కానీ తీరం మారలేదు. కావలి దగ్గరి తుమ్మలపెంట నుంచి కిందికి అల్లూరు, విడవలూరు, మైపాడు, కృష్ణపట్నం, కోట, వాకాడు, పులికాట్ సరస్సు దాకా అదే ఇసుక, అవే మత్స్యకారుల పాలేలు. ఓడరేవు వచ్చింది, రొయ్యల చెరువులు వచ్చాయి, జువ్వలదిన్నెకు ఫిషింగ్ హార్బర్ వచ్చింది. శ్రీహరికోట నుంచి రాకెట్లు లేస్తుంటే పాలెం పిల్లలు మిద్దెలెక్కి చూస్తారు. ఒక పిల్ల వారానికి రెండు సాయంత్రాలు నడుచుకుంటూ వెళ్లి పాటో, ఆటో, మృదంగమో నేర్చుకుని చీకటి పడేలోగా ఇంటికి చేరగలిగే చోటు మాత్రం ఈ తీరంలో ఎంత వెతికినా దొరకడం కష్టం.

అలాగని ఇది కళ ఎరగని నేల కాదు. వేదం వెంకటరాయశాస్త్రి 1899లో నెల్లూరులో ఆంధ్రభాషాభిమాని సమాజం పెట్టి నాటకాలు ఆడించారు. ఆయన రాసిన ‘ప్రతాపరుద్రీయం’ను ఒకసారి చదివి చూడండి. మంత్రి యుగంధరుడి మాట ఒక తీరు, చాకలి పేరిగాడి మాట ఇంకో తీరు. పాత్రకు తగిన భాష పెట్టారని పండితులు ఆయనతో వాదానికి దిగారు. ఆ రెండు తీరులూ ఒకే రంగం మీద తప్పుపోకుండా పలకాలంటే ఔత్సాహిక నటులు ఎన్ని సాయంత్రాలు కూర్చుని వల్లె వేయాలో నాటకం ఆడినవాళ్లకు తెలుసు. మనం ఇప్పుడు పుస్తకాల్లో చదివే నాటక చరిత్ర నిజానికి ఆ రిహార్సళ్ల చరిత్ర.

పొట్లపూడికి చెందిన పొణకా కనకమ్మ 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం నెలకొల్పారు. ‘ఎన్జీవో’, ‘కప్పలు’ రాసిన ఆచార్య ఆత్రేయ సూళ్లూరుపేట దగ్గరి మంగళంపాడులో 1921లో పుట్టారు. కావలిలో దొడ్ల రామచంద్రారెడ్డి విశ్వోదయ సంస్థను, జవహర్ భారతి కళాశాలను నడిపితే, ఆ కళాశాలలోనే కె.వి. రమణారెడ్డి లాంటి కవి, విమర్శకుడు పాఠాలు చెప్పారు. నెల్లూరులో సభ అంటే ఈనాటికీ పురమందిరం, కస్తూర్బా కళాక్షేత్రం గుర్తుకొస్తాయి. ఇవన్నీ ఎవరో ఒకరు ఏళ్ల తరబడి పట్టు వదలకుండా నిలబెట్టినవి. అయితే ఇవి దాదాపు అన్నీ రహదారి వెంట, రైలు పట్టాల వెంట ఉన్న పట్నాల్లోనే నిలిచాయి. బకింగ్‌హాం కాలవ దాటి సముద్రం వైపు వెళ్లినవి తక్కువ.

సంగీతం క్లాసంటే ఏమిటో దగ్గర నుంచి చూడనివాళ్లు దాన్ని కాలక్షేపమనుకుంటారు. మొన్నామధ్య ఒక చిన్న పట్నంలో సాయంత్రం క్లాసు బయట అరుగు మీద గంటసేపు కూర్చున్నాను. లోపల తొమ్మిది మంది పిల్లలు, చాప మీద. మాయామాళవగౌళలో సరళీ స్వరాలు. కుడి చెయ్యి తొడ మీద ఒక దెబ్బ, ఆపై చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు. మళ్లీ దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. ఎనిమిది లెక్కలు. మొదటి కాలంలో అందరూ కలిసే ఉన్నారు. రెండో కాలానికి ఇద్దరు జారిపోయారు. మూడో కాలంలో ఒక్క పిల్ల మిగిలింది, అదీ కళ్లు మూసుకుని. టీచరమ్మ ఎవర్నీ కోప్పడలేదు. “మళ్లీ మొదటి కాలం” అంది. గంటలో అలా ఏడెనిమిది సార్లు వెనక్కి వెళ్లారు.

పక్కగదిలో మృదంగం మాస్టారు ఎడమ మూతికి తడిపిన బొంబాయి రవ్వ ముద్ద అద్దుతున్నారు. కుడి మూతి శ్రుతి దిగిపోయిందని అంచు మీద రాయితో చిన్నగా కొడుతూ, చెవి వంచి వింటూ, మళ్లీ కొడుతున్నారు. “ఇక్కడ గాలికి తోలు నిలవదండీ, తేమ. వయొలిన్ తీగలు కూడా ఊరికే తుప్పు పడతాయి” అన్నారు. సముద్రం పక్కన వాద్యం పెట్టుకోవడం అంటే రోజూ దాన్ని కనిపెట్టుకుని ఉండడమే. నెలకొకసారి గోతం విప్పి తీస్తే అది పలకదు. పిల్లలూ అంతే. ఒక వారం మానితే మూడో కాలం పోతుంది, నెల మానితే మొదటి కాలం కూడా పోతుంది. అందుకే ఏ తేదీకి ఎంత గొప్ప కార్యక్రమం చేశామన్నదానికన్నా, మంగళవారం క్లాసు మంగళవారమే జరిగిందా అన్నదే నాకు పెద్ద ప్రశ్న.

ఆ రోజు క్లాసు వదిలాక ఒక తల్లితో మాట్లాడాను. పెద్దమ్మాయి రెండేళ్లు కూచిపూడి నేర్చుకుని మానేసిందట. వాళ్ల ఊరు సముద్రం ఒడ్డున, అక్కడికి ఇరవై కిలోమీటర్లు. “ఏడైతే షేర్ ఆటో దొరకదు సార్. దొరికినా ఆడపిల్లని ఒక్కదాన్ని ఎట్ట పంపేది? వాళ్ల నాయన వేటకి పోయుంటాడు” అంది. ఆ పిల్లకు ఆసక్తి తగ్గలేదు, ఫీజు భారం కాలేదు. కళ అందకుండా పోయింది చివరి ఆటో వేళ వల్ల.

ప్రభుత్వాలు డబ్బు ఖర్చు పెట్టడం లేదనను. పెట్టే చోటు వేరు. సూళ్లూరుపేటలో 2001లో మొదలైన ఫ్లెమింగో ఫెస్టివల్ కొన్నేళ్లు ఆగి 2025 జనవరిలో మళ్లీ మూడు రోజులు జరిగింది. నేలపట్టు పక్షుల్ని చూడటానికి జనం రావడం, ఊరు కళకళలాడడం మంచి సంగతే. 2016 డిసెంబరులో విజయవాడలో ఆరు వేల మందికి పైగా కలిసి కూచిపూడి ఆడి గిన్నిస్ రికార్డు సాధించారు. ఆ పిల్లల శ్రమను తక్కువ చేయలేం. అయితే ఆరు వేల మంది ఒకే రోజు ఆడగలిగారంటే, రాష్ట్రమంతటా వీధి చివర ఇరుకు గదుల్లో ఎవరో ఏళ్ల తరబడి తట్టడుగులు వేయించబట్టే కదా. ఆ గదికి అద్దె ఎవరు కడుతున్నారు? ఆ టీచరుకు నెలాఖరున ఏం మిగులుతోంది? రికార్డు రోజున ఈ లెక్క ఎవరూ అడగలేదు. పండగ వేదిక మీద లైట్లకూ, బయటి నుంచి వచ్చే గాయకులకూ ఉన్న పద్దు స్థానిక గురువు గౌరవ వేతనానికి కూడా ఉండాలి. ఎందుకంటే పండగ మూడు రోజులూ వేదిక మీద ఖాళీ వేళలు నింపేది ఆ గురువు తయారుచేసిన పిల్లలే.

బయట ఈ పని ఎలా జరుగుతోందో కాస్త చూద్దాం. నార్వే మనలాగే చేపల మీద బతికిన తీరదేశం. ప్రతి మునిసిపాలిటీ పిల్లలకు సంగీత, కళా పాఠశాల అందుబాటులో ఉంచాలని అక్కడ 1997లో చట్టమే తెచ్చారు. నీళ్లు, రోడ్డు, సంగీతం అక్కడ ఒకే వరసలో ఉన్నాయి. అంత దూరం ఎందుకు, కేరళ సాంస్కృతిక శాఖ వజ్రజూబిలీ ఫెలోషిప్ పేరిట యువ కళాకారులకు నెలనెలా భృతి ఇచ్చి, స్థానిక సంస్థల ద్వారా ఊళ్లలో ఉచితంగా నేర్పించింది. కళాకారుడికి పని దొరికింది, ఊరికి గురువు దొరికాడు. ఇక మనవాళ్ల సంగతే తీసుకుంటే, కాలిఫోర్నియాలో సిలికానాంధ్ర ‘మనబడి’ 2007 నుంచి వారాంతాల్లో తెలుగు నేర్పుతోంది. వాళ్ల ‘సంపద’ ద్వారా అక్కడి పిల్లలు కర్ణాటక సంగీతం, కూచిపూడి నేర్చుకుని పొట్టి శ్రీరాములు తెలుగు విశ్వవిద్యాలయం పరీక్షలు రాశారు. అదే పొట్టి శ్రీరాములు పేరున్న నెల్లూరు జిల్లా పాలెంలో పిల్లకు ఆ క్లాసు అందడం లేదు. సముద్రాలు దాటి వెళ్లిన విద్య ఒక కాలవ దాటి వెళ్లలేకపోవడం నన్ను చాలా బాధపెడుతుంది.

పాలెంలో ఎవరు నేర్చుకుంటారండీ అని ఒక అధికారి అన్నారు నాతో. ఆయన ఏదైనా ఊళ్లో కోలాటం నేర్చుకునే ఆడవాళ్లను చూసి ఉంటే ఆ మాట అనరు. పదిహేను ఇరవై మంది చందాలేసుకుని గురువును మాట్లాడుకుంటారు. రాత్రి వంటలయ్యాక రామాలయం ముందు చేరతారు. కోపు తర్వాత కోపు నేర్చుకుంటూ నెలల పాటు సాగిస్తారు. ఒకే రంగు చీరలు అనుకుని కొనుక్కుని తిరుమల వెళ్లి స్వామి ముందు ఆడివస్తారు. ఎవరి పథకమూ లేకుండా తెలుగునాట అన్ని మూలలా నడుస్తున్న కళాశిక్షణ ఇదే. పగలంతా కూలిపని చేసిన మనిషి రాత్రి తొమ్మిదింటికి కోలు పట్టుకుని నిలబడుతోందంటే ఆసక్తి లేదని ఎవరనగలరు? చోటు దగ్గర్లో ఉండి, వేళ వాళ్లకు కుదిరేదయితే ఊరు తనంతట తానే వస్తుందని కోలాటం చెబుతోంది.

చోటు కొత్తగా కట్టక్కర్లేదు. జాతీయ తుపాను ముప్పు నివారణ పథకం కింద ఆంధ్రప్రదేశ్ తీరంలో బహుళ ప్రయోజన తుపాను రక్షిత భవనాలు కట్టారు. మామూలు రోజుల్లో బడికీ, ఊరి అవసరాలకూ వాడుకోవాలన్నదే ‘బహుళ ప్రయోజన’ అన్న మాటకు అర్థం. ఎత్తయిన స్తంభాలు, విశాలమైన గది, మరుగుదొడ్లు, మెట్లు, అన్నీ ఉంటాయి. నేను చూసినవాటిలో చాలావాటికి తాళమే ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికే ఒక చోట అరగంట పట్టింది. వాయుగుండం వచ్చిన రోజున అదే పరిస్థితి అయితే? వారానికి రెండు సాయంత్రాలు ఆ తలుపు తెరిచి, ఊడ్చి, లైటు వేసి, పిల్లల్ని కూర్చోబెడితే తాళంచెవి ఎక్కడుందో ఊరంతటికీ తెలుస్తుంది, భవనమూ పాడవదు.

గురువుల విషయం. నెల్లూరులోని ప్రభుత్వ సంగీత, నృత్య పాఠశాలకు 2020 నవంబరులో డాక్టర్ ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పేరు పెట్టారు. అప్పటికి ఆయన పోయి రెండు నెలలు. ఆ పేరు బోర్డు మీదే ఆగిపోకూడదు. అక్కడ సర్టిఫికెట్, డిప్లొమా పూర్తిచేసి చిన్నాచితకా ఉద్యోగాల్లో కుదురుకుంటున్న యువతీయువకుల్ని నెలకింత అని భృతి ఇచ్చి తీరం మండలాలకు పంపవచ్చు. ఒక్కొక్కరికి మూడు ఊళ్లు, ఊరికి వారంలో రెండు సాయంత్రాలు. రాకపోకల ఖర్చు విడిగా ఇవ్వాలి. పిల్లలు దూరం రావడం కన్నా గురువు దూరం వెళ్లడం నయం. ఏడాదికొకసారి పరీక్షకు పిల్లల్ని నెల్లూరు తీసుకొస్తే చాలు. క్లాసుల్లో శాస్త్రీయ సంగీతమే ఉండాలని కూడా లేదు. ఒడ్డు నుంచి వల లాగేటప్పుడు పాడే పాటలు పాలెం పెద్దవాళ్లకు ఇంకా వచ్చు. ఇంజను పడవలు వచ్చాక ఆ పాటలతో పని తగ్గింది. ఆ పెద్దవాళ్లను కూడా గురువులుగానే కూర్చోబెట్టాలి, అదే చాప మీద, అదే భృతితో.

మొదలుపెట్టడానికి వేళ కూడా సముద్రమే చెబుతుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. పడవలు ఒడ్డుకెక్కుతాయి, మగవాళ్లు వలలు బాగుచేసుకుంటూ ఊళ్లోనే ఉంటారు, సగం రోజులకు పైగా బడులకు సెలవులు. రాత్రి పిల్లను క్లాసు నుంచి ఇంటికి తీసుకురావడానికి నాయన ఇంట్లోనే ఉంటాడు. తొమ్మిది వారాలకు కాస్త తక్కువ, వారానికి రెండు చొప్పున పదిహేడు సాయంత్రాలు వస్తాయి. జూన్ 15న పడవలు నీళ్లలోకి దిగేటప్పటికి సరళీ స్వరాలు దాటి జంట స్వరాల్లోకి వెళ్లి ఉంటారు ఆ పిల్లలు.