నెట్ పోయినా పాట ఆగదు

భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు అడవిలోకి వెళ్లేకొద్దీ ఫోనులో సిగ్నల్ గీతలు తగ్గిపోతుంటాయి. గోదావరికి వరదొస్తే పట్టణంలోనూ కరెంటుకీ నెట్‌కీ భరోసా ఉండదు. అలాంటి చోట పాటలూ పెళ్లి వీడియోలూ అన్నీ నెట్‌లోనే ఉన్నాయిలే అనుకుంటే కుదరదు. ఇంట్లోనే ఓ పెట్టె పెట్టుకోవాలి. దాన్ని ‘నాస్’ అంటారు. రూటరుకు తగిలించిన హార్డ్ డిస్కుల పెట్టె, అంతే.

నెట్ లేకపోతే టీవీలో ఎలా వస్తుందంటారా? వైఫై వేరు, నెట్ వేరు. రూటరుకూ పెట్టెకూ కరెంటుంటే చాలు, అందులోని వీడియో ఇంట్లోని టీవీకీ ఫోన్లకీ అందుతుంది. కొత్త పెట్టే కొనాలని లేదు. మూలనపడ్డ పాత కంప్యూటర్లో జెల్లీఫిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకున్నా పని నడుస్తుంది. పెట్టెను రూటరుకు వైరుతోనే కలపండి. లేదంటే వీడియో ఆగి ఆగి విసిగించవచ్చు.

మరి ఏం దాచాలి? సినిమాలు ఎప్పుడైనా దొరుకుతాయి. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య డోలి వాయిస్తూ కోయల వేల్పుల కథలు పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో కన్నుమూశారు. అలాంటి కథలు పుస్తకాల్లో కన్నా మనుషుల నోళ్లలోనే ఎక్కువ ఉంటాయి. మీ అమ్మమ్మ పాడే పెళ్లిపాటా అంతే. ఎవరి ఫోనులోనో ఉండే ఉంటుంది, ముందు అది ఎక్కించండి. తర్వాత బీరువాలోని వీడియో క్యాసెట్లు. బూజు పట్టకముందే మార్పించుకోండి.

‘రెండు డిస్కులు వేశాం, ఇక భయం లేదు’ అంటాడు దుకాణదారు. అది సగం నిజం. 4 టెరాబైట్ల డిస్కులు రెండు జంటగా వేస్తే దక్కే చోటు నాలుగే. ఒకటి చెడితే రెండోది ఆదుకుంటుంది. కానీ పిల్లాడు పొరపాటున చెరిపితే రెండింట్లోనూ పోతుంది. పిడుగుకి రెండూ కలిసే కాలిపోవచ్చు. వరద సంగతి చెప్పనే అక్కర్లేదు. భద్రాచలంలో మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు, 2022 జులైలో గోదావరి 71 అడుగులు దాటింది.

అందుకే ఇంకో కాపీ విడి డిస్కులో, వేరే ఊళ్లో ఉండాలి. ఖమ్మంలో చుట్టాలింట్లో పెడతారా? మంచిదే. కాకపోతే 2024 సెప్టెంబరులో మున్నేరు అక్కడి ఇళ్లలోకీ వచ్చింది. మేడమీద అలమరలో పెట్టమనండి. పండక్కి వెళ్లినప్పుడల్లా ఆ డిస్కు తెచ్చుకుని, కొత్తవి ఎక్కించి, మళ్లీ ఇచ్చి రండి.