ఫాదర్ల బళ్లో వేస్తే దారిలో పడతాడా?

మా నేపర్‌విల్‌లో మనవాళ్ల ఇంట్లో ఏ పుట్టినరోజు పార్టీకి వెళ్లినా, భోజనాల దగ్గర మాట ఇళ్ల ధరలతో మొదలై స్కూలు డిస్ట్రిక్టుల దగ్గర ఆగుతుంది. 203 మంచిదా, 204 మంచిదా? ఎనిమిదో తరగతి పిల్లలున్నవాళ్లు మాత్రం ఇంకో ప్రశ్న కూడా వేస్తారు. హైస్కూలుకి క్యాథలిక్ బళ్లో వేద్దామా?

రెండేళ్ల కిందట మా ఇంట్లోనూ ఇదే చర్చ. మావాడికి మార్కులు తగ్గాయి, చేతిలో ఫోను దిగడం లేదు. గుంటూరు నుంచి నాన్నగారిది ఒకటే మాట: "ఫాదర్ల బళ్లో వెయ్యరా, వాడే దారిలో పడతాడు." నాకూ నిజమే అనిపించింది. నేను చదివింది గుంటూరులో మగపిల్లల క్యాథలిక్ స్కూల్లోనే. టైముకి వెళ్లడం, నాలుగు ఇంగ్లీషు ముక్కలు తప్పుల్లేకుండా రాయడం అక్కడే అబ్బాయి.

మాకు అందుబాటులో ఉన్నవి రెండు. బాలాజీ గుడి ఉన్న అరోరాలోనే మార్మియన్ అకాడమీ ఉంది. 1933లో బెనెడిక్టైన్ సన్యాసులు చేపట్టిన ఈ బడి దశాబ్దాల పాటు మగపిల్లలదే. రెండోది మా పక్క ఊరు లైల్‌లోని బెనెట్ అకాడమీ. దీని కథ మనలాంటి వలసవాళ్లు తెలుసుకోదగ్గది. 1887లో షికాగోలోని పిల్సెన్ పేటలో, చెక్ కుటుంబాల మగపిల్లల కోసం సెయింట్ ప్రొకోపియస్ పేరుతో మొదలైంది. 1901లో లైల్‌కి తరలివచ్చింది. 1926లో పక్కనే బెనెడిక్టైన్ సిస్టర్లు ఆడపిల్లలకు సేక్రెడ్ హార్ట్ అకాడమీ పెట్టారు. 1967లో రెండూ కలిసి ఇప్పటి బెనెట్ అయ్యాయి.

ఇదంతా చదివి, ఒక రాత్రి మావాడిని కూర్చోబెట్టి ఉత్సాహంగా చెప్పాను. అంతా విని వాడు అడిగింది ఒక్కటే: "నేనేం తప్పు చేశాను నాన్నా, అక్కడికి పంపుతున్నారు?"

నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే నేను ఆ బడిని బడిగా చూడలేదు, మందుగా చూశాను.

మనలో చాలామందిది ఇదే పొరపాటని నా అభిప్రాయం. చిన్నప్పటి స్కూల్లో బాగున్నవే గుర్తుపెట్టుకున్నాం. బెత్తం దెబ్బలు మరిచిపోయాం. పదేళ్లు మగపిల్లల మధ్యే పెరిగిన నేను, ఇంజనీరింగ్ ల్యాబులో పక్కనున్న అమ్మాయిని రీడింగ్ ఎంతొచ్చిందని అడగడానికి వారం రోజులు తటపటాయించాను. ఇవాళ నా మేనేజరు ఒక మహిళ. మా అబ్బాయికి ఆ వారం వృథా కాకూడదు. అబ్బాయిలను విడిగా పెట్టినంత మాత్రాన క్రమశిక్షణ వచ్చేయదు.

మతం సంగతీ నిజాయితీగా మాట్లాడుకోవాలి. మన చిన్నప్పుడు క్యాథలిక్ పిల్లలు క్యాటకిజానికి వెళితే, మిగతావాళ్లం మోరల్ సైన్స్ చదివాం. ఇక్కడి క్యాథలిక్ హైస్కూళ్లలో సాధారణంగా అలా విడదీయరు. ఏ మతం పిల్లలైనా థియాలజీ చదవాలి, మాస్‌కి హాజరు కావాలి. వాళ్లు దాన్ని దాచిపెట్టరు, అది తప్పూ కాదు. ఆ బడి పుట్టిందే అందుకు. "అవన్నీ పట్టించుకోకు, చదువు చూసుకో" అని పిల్లాడికి చెప్పి పంపడం మాత్రం వాళ్లనీ, మన పిల్లాడినీ కూడా తక్కువ చేయడమే. క్రైస్తవ కుటుంబాలకైతే ఇది సొంతిల్లు లాంటిది. మిగతావాళ్లు ముందే ఇంట్లో మాట్లాడుకోవాలి.

ఇక డబ్బు. మనం కట్టే ఇంటి పన్నులో పెద్ద వాటా స్కూలు డిస్ట్రిక్టుకే పోతుంది. పిల్లాడిని ప్రైవేటు బడికి పంపినా ఆ పన్ను తగ్గదు, ఫీజు అదనం. ర్యాంకు కోసం అప్పు చేసి ఈ ఊళ్లో ఇల్లు కొని, మళ్లీ భయంతో ఇంకో ఫీజు కడుతున్నామా అని లెక్క వేసుకోవాలి.

అలాగని ఆ బళ్లు వద్దనడం లేదు. రెండు వేల మందికి పైగా ఉండే పబ్లిక్ హైస్కూల్లో తప్పిపోయే పిల్లలుంటారు. పేరు పెట్టి పిలిచే చిన్న బడి వాళ్లకు వరమే. అడ్మిషన్‌కి ముందు ఒక పూట తరగతుల్లో కూర్చోనిచ్చే స్కూళ్లున్నాయి. పంపండి. వచ్చాక వాడు చెప్పేది వినండి.

మావాడు అలా వెళ్లి చూసొచ్చాడు. "బాగుంది, కానీ నా ఫ్రెండ్స్ ఇక్కడున్నారు" అన్నాడు. పబ్లిక్ స్కూల్లోనే ఉన్నాడు. మార్కులు ఒక్కసారిగా పెరిగిపోయాయని చెప్పను. రాత్రి తొమ్మిదికి మా ఇంట్లో ఫోన్లన్నీ వంటింటి గట్టు మీదకు చేరతాయి, నాది కూడా. ఆ పని ఏ ఫాదరూ వచ్చి చేయడు. మా నాన్నగారికి ఇంకా నమ్మకం కుదరలేదు. ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతూనే ఉంటారు.