‘ఎర్స్ట్‌వైల్’ పక్కన తేదీ ఉండాలి

రెవెన్యూ శాఖలో డ్రాఫ్టులు రాస్తూ, కిందివాళ్లు రాసినవి దిద్దుతూ రిటైరైనవాణ్ని. మన రెండు రాష్ట్రాల ఫైళ్లలో తిరిగినంతగా ‘ఎర్స్ట్‌వైల్’ అనే ఇంగ్లిష్ విశేషణం మరెక్కడా తిరగదేమో అనిపిస్తుంది. ఒకప్పుడు ఉండి, ఇప్పుడు ఆ రూపంలో లేనిదని దానర్థం. 2014 జూన్ 2 తర్వాత ‘ఎర్స్ట్‌వైల్ ఆంధ్రప్రదేశ్’ అన్నాం. 2016 దసరా నాడు తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాక ఆ మాట మండలాఫీసుల దాకా వచ్చింది. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రలో 13 జిల్లాలు 26 కావడంతో అక్కడా అదే వరస.

మాట అక్కరకొచ్చేదే. పేచీ అంతా వాడే తీరుతోనే.

ములుగు ప్రాంతం నుంచి ఒక తండ్రి కూతురి కాగితాలు పట్టుకొని వచ్చాడు. బోనఫైడ్‌లో జిల్లా వరంగల్. కులం సర్టిఫికెట్‌లో జయశంకర్ భూపాలపల్లి. ఆధార్‌లో ములుగు. ఊరు మారలేదు, ఇల్లు మారలేదు. ‘ఈమె ఎర్స్ట్‌వైల్ జిల్లాకు చెందినది’ అని ఓ కార్యాలయం ఉత్తరం రాసిచ్చింది. దాన్ని చూసిన మరో కార్యాలయం ‘ఏ ఎర్స్ట్‌వైల్ జిల్లా?’ అని తిప్పి పంపింది. అడగడంలో తప్పు లేదు. ములుగు 2016 అక్టోబర్ దాకా వరంగల్‌లో, తర్వాత భూపాలపల్లిలో ఉండి, 2019 ఫిబ్రవరి 17న సొంత జిల్లా అయింది. పాత జిల్లాలు రెండున్నాయి. ఏదో చెప్పకుండా ఆ విశేషణం ఒక్కటి పడేస్తే చదివేవాడికి ఏం తెలుస్తుంది? ఆ తండ్రి కూలి పోగొట్టుకొని మళ్లీ బస్సెక్కాడు. ఆ ఉత్తరం రాసినవారి మీద నాకు నిజంగానే కోపం వచ్చింది.

కూనవరం సంగతి ఇంకా చిక్కు. 1959 వరకు తూర్పు గోదావరి, ఆపైన ఖమ్మం, 2014లో మళ్లీ తూర్పు గోదావరి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. అక్కడి పాత భూమి కాగితానికి ఎర్స్ట్‌వైల్ జిల్లా ఏది? కాగితం పుట్టిన సంవత్సరం చూస్తే తప్ప చెప్పలేం.

పేరు మిగిలి హద్దు మారినచోట మాత్రం ఈ మాట లేకపోతే గడవదు. 2015లో వరంగల్ జిల్లా అంటే జనగామ, మహబూబాబాద్ కూడా అందులోవే. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ హనుమకొండగా, రూరల్ వరంగల్‌గా మారాయి. 2015 కాగితంలోని వరంగల్, 2022 కాగితంలోని వరంగల్ ఒకటి కావు. అలాగే ‘ఎర్స్ట్‌వైల్ హైదరాబాద్’ అని ఆపేస్తే నగరం అనుకుంటారు. ‘స్టేట్’ అని చేర్చాలి. 1956 దాకా బీదర్, రాయచూర్, ఔరంగాబాద్ కూడా ఆ రాష్ట్రంలోవే.

మనుషులకు తగిలించడం మరో తప్పు. ఒక వార్షికోత్సవం ఆహ్వానపత్రంలో ‘అవర్ ఎర్స్ట్‌వైల్ ప్రిన్సిపాల్’ అని అచ్చేశారు. ఆయన అదే కుర్చీలో ఉన్నారు, ఆ సభకు అధ్యక్షులు కూడా ఆయనే. ‘గౌరవనీయులు’ అనుకొని వేసిన మాట ఆయన్ని పదవిలోంచి దింపేసింది. ‘ఎర్స్ట్‌వైల్ ఫార్మర్ ఎమ్మెల్యే’ అనీ చూశాను. ఒకే అర్థమున్న రెండు మాటలు పక్కపక్కన ఎందుకు? మనుషులకు ‘ఫార్మర్’ చాలు, తెలుగులో ‘మాజీ’ ఉండనే ఉంది.

కొత్తగా ఉద్యోగంలో చేరి సర్టిఫికెట్లు రాస్తున్న పిల్లలను ఒక్కటే కోరుతున్నాను. ఎర్స్ట్‌వైల్ అని రాయగానే ఆ జిల్లా పేరు రాయండి, ఎప్పటిదాకా అన్నదీ రాయండి. ‘ములుగు మండలం, 2016 అక్టోబర్ 10 వరకు ఎర్స్ట్‌వైల్ వరంగల్ జిల్లా, 2019 ఫిబ్రవరి 16 వరకు జయశంకర్ భూపాలపల్లి జిల్లా, ప్రస్తుతం ములుగు జిల్లా.’ ఈ ఒక్క వాక్యం ఉత్తరంలో ఉంటే ఆ అమ్మాయి దరఖాస్తు తిరిగొచ్చేది కాదు.