తాకట్టుకు హద్దు ఉండాలి

విశాఖ పూర్ణా మార్కెట్‌లో టోకు వ్యాపారం అప్పు లేకుండా నడవదు. సరుకుకు ముందు డబ్బు కట్టాలి. చిల్లర దుకాణాల బాకీలు మాత్రం తర్వాతెప్పుడో వసూలవుతాయి. ఆ మధ్యకాలాన్ని గట్టెక్కించేది అప్పు, ఆ అప్పు పుట్టించేది తాకట్టు. అందుకే తాకట్టు కాగితంలో ఏం రాసుందన్నది వ్యాపారి బతుకుకు సంబంధించిన ప్రశ్న.

తాకట్లన్నీ ఒకటి కాదు. ఇల్లు తనఖా పెడితే ఇంట్లో మనమే ఉంటాం, దస్తావేజులు బ్యాంకు బీరువాలోకి వెళ్తాయి. బంగారం కుదువ పెడితే వస్తువే చేతులు మారుతుంది. అప్రైజరు గీటురాయి మీద గీసి, తూచి, సంచిలో వేసి సీలు వేస్తారు. గోదాములోని సరుకు మీద ఇచ్చేది హైపోథికేషన్. ఉదాహరణకు ఉల్లి బస్తాలు వ్యాపారి దగ్గరే ఉంటాయి. పాతవి అమ్ముడవుతాయి, కొత్తవి దిగుతాయి. ఏ రోజు ఏ సరుకుంటే దాని మీద బ్యాంకు హక్కు నిలుస్తుంది. అందుకే బ్యాంకు స్టాక్ స్టేట్‌మెంట్ అడుగుతుంది, గోదాము గోడకు తన పేరుతో బోర్డు పెట్టిస్తుంది, మార్జిన్ మినహాయించి మిగతా విలువ మేరకే డబ్బు వాడుకోనిస్తుంది. ఉల్లి కుళ్లినా, ధర పడిపోయినా ఆ హామీ కరిగిపోతుంది. కాబట్టే చాలాసార్లు సరుకుతో పాటు ఇంటి కాగితాలూ అడుగుతారు.

ఇందులో అన్యాయం లేదు. బ్యాంకు ఇచ్చేది డిపాజిటర్ల సొమ్ము. దాన్ని రాబట్టుకునే దారి ఉంటేనే తక్కువ వడ్డీకి అప్పు దొరుకుతుంది. 2002 నాటి సర్ఫేసీ చట్టం బ్యాంకులకు ఆ దారి చూపింది. ఖాతా మొండిబాకీ అయ్యాక 60 రోజుల నోటీసిచ్చి, సివిల్ దావా వేయకుండానే ఆస్తిని స్వాధీనం చేసుకుని వేలం వేయవచ్చు. బాకీ, ఖర్చులు పోగా మిగిలింది హక్కుదారుకు తిరిగివ్వాలి. స్వాధీన చర్య తప్పనుకుంటే 45 రోజుల్లో రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. అది విశాఖలోనే ఉంది.

అయితే తూకం ఇటీవల రుణదాత వైపు మొగ్గింది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం కుదువ వస్తువును అమ్మే క్షణం దాకా బాకీ కట్టి విడిపించుకోవచ్చు. సర్ఫేసీ కింద వేలానికి వచ్చే ఆస్తికి మాత్రం 2016లో చేసిన సవరణతో విడిపించుకునే గడువు వేలం ప్రకటన వెలువడే వరకే పరిమితమైంది. 2023లో బఫ్నా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్నే ఖరారు చేసింది. వేలం ప్రకటన చూశాకే బంధువుల దగ్గరికి పరుగెత్తే కుటుంబానికి అప్పటికే తలుపు మూసుకుపోతోంది. పైగా కొన్ని ఒప్పందాల్లో, ఈ అప్పుకే కాక ఇకముందు పడే ఏ బాకీకైనా ఇదే ఆస్తి హామీ అనే షరతు ఉంటుంది. అప్పు తీరినా, పూచీ పడిన మరొకరి ఖాతా కోసం కాగితాలు ఆగిపోవచ్చు.

బ్యాంకు గడప ఎక్కలేనివారి పరిస్థితి ఇంకా దారుణం. 2015 డిసెంబరులో విజయవాడలో బయటపడిన కాల్‌మనీ అనే అధిక వడ్డీల దందాలో అప్పిచ్చినవాళ్ల దగ్గర దొరికినవి ఖాళీ ప్రామిసరీ నోట్లు, సంతకం చేసిన చెక్కులు. అంకె లేని కాగితం తాకట్టు కాదు, మెడ మీద కత్తి. తాకట్టుకు విలువ ఉంటుంది, దానికో హద్దు ఉంటుంది; ఖాళీ చెక్కుకు రెండూ లేవు.

బంగారం రుణాల షరతులను ప్రాంతీయ భాషలో గానీ రుణగ్రహీత ఎంచుకున్న భాషలో గానీ తెలపాలని రిజర్వు బ్యాంకు 2025లో ఆదేశించింది. అప్పు తీరిన 30 రోజుల్లో ఇంటి దస్తావేజులు ఇవ్వకపోతే, జాప్యం రుణదాతదైతే రోజుకు 5,000 రూపాయల పరిహారం చెల్లించాలని 2023లోనే చెప్పింది. ఇవి మంచి అడుగులు. ఇక మూడు పనులు జరగాలి. ప్రతి తాకట్టు ఒప్పందానికీ తెలుగు ప్రతిని సంతకానికి ముందే చేతికివ్వాలి. ఏ అప్పుకు పెట్టిన ఆస్తి ఆ అప్పుకే పరిమితం కావాలి, మరో బాకీకి కలపాలంటే వేరే సంతకం తీసుకోవాలి. వేలం పూర్తయ్యే దాకా మొత్తం బాకీ కట్టి ఆస్తి విడిపించుకునే హక్కును పార్లమెంటు తిరిగి ఇవ్వాలి. వీటివల్ల బ్యాంకు ఒక్క రూపాయి నష్టపోదు. తనకు రావాల్సిన బాకీ పూర్తిగా వచ్చాక ఇంకొకరి ఇంటితో దానికి పనేముంది?