చూపు తగ్గితే కూలి తగ్గుతున్నది

మిరప కల్లంలో తాలుకాయలు ఏరాలన్నా, కలుపుతీతలో పైరు మొక్క తెగకుండా చూడాలన్నా, చెత్త అంటకుండా పత్తి తీయాలన్నా చేతులతోపాటు కళ్లు కూడా పనిచేయాలి. కూలిరేట్ల గురించి, పనిగంటల గురించి మనం ఎన్నో సభలు పెట్టుకున్నాం. కళ్ల గురించి మాత్రం మాట్లాడుకోలేదు. నలభై దాటిన కూలిమనిషి చేయి నెమ్మదిస్తే "వయసైపోయింది, పని సాగడం లేదు" అంటారు. మేస్త్రీ మరునాటి ముఠాలోకి ఆమెను పిలవడు. ఆమె కూడా నిజమే కాబోలనుకొని ఊరుకుంటుంది. చాలాసార్లు ఆమెకు తగ్గింది ఒంట్లో సత్తువ కాదు, దగ్గరి చూపు.

దీన్నే మన పెద్దలు చత్వారం అన్నారు. నలభై ఏళ్లు దాటాక కంటిలోని కటకం గట్టిపడుతుంది, దగ్గరి వస్తువు మీద చూపు నిలవదు. ఇది ఆస్తిపరుడికీ వస్తుంది, పేదవాడికీ వస్తుంది. ఆఫీసులో పనిచేసేవాడు వారం తిరక్కుండానే కళ్లజోడు పెట్టుకుంటాడు. కూలిమనిషి మాత్రం మిగిలిన ఇరవై ఏళ్లూ తడుముకుంటూనే పనిచేస్తుంది.

ఈ నష్టం ఎంతో అస్సాం తేయాకు తోటల్లో లెక్కగట్టారు. నలభై దాటిన 751 మంది కార్మికులతో జరిపిన ఆ పరిశోధన ఫలితాలు 2018లో వెలువడ్డాయి. సగం మందికి ముందుగా దగ్గరి చూపు అద్దాలిచ్చారు. మిగతావారికి పరిశోధన ముగిశాక ఇచ్చారు. అద్దాలు లేనివారితో పోలిస్తే, అద్దాలు పెట్టుకున్నవారి ఆకుకోత సుమారు 22 శాతం ఎక్కువగా పెరిగింది. తూకం లెక్కన కూలి తీసుకునే మన మిరపకోతకూ, పత్తితీతకూ ఈ సంగతి ఎంత దగ్గరో వేరే చెప్పనక్కరలేదు.

మరి ఇంత చిన్న వస్తువు కూలివాడికి ఎందుకు అందడం లేదు? పెద్దాసుపత్రికి పోవాలంటే ఒక రోజు కూలి పోతుంది. బస్సు చార్జీ ఉంటుంది. తోడు వచ్చే మనిషి కూలి కూడా పోతుంది. ఒకరోజు చీటీ, మరోరోజు పరీక్ష, ఇంకోరోజు అద్దాలు అంటే పోయేవాడెవరు? సంతలో కొన్న అద్దాలతో సరిపెట్టుకుంటారు. వాటితో దగ్గరిది కనబడవచ్చు. కాని లోపల శుక్లం ముదురుతున్నదో, నీటికాసులు మొదలైనవో చూసేవారు సంతలో ఉండరు గదా!

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని మేము అనడం లేదు. అంధత్వ నివారణకు జాతీయ కార్యక్రమం 1976లోనే మొదలైంది. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో కంటి వెలుగు ప్రారంభమైంది. 2023 జనవరిలో ఖమ్మంలో రెండో విడత మొదలుపెట్టారు. ఒక్కో విడతలో కోటిన్నర మందికి పైగా పరీక్షలు జరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న బడిపిల్లలతో ఇటువంటి కార్యక్రమమే ఆరంభించారు. అవసరం ఎంత ఉన్నదో ఈ అంకెలే చెబుతున్నాయి. అయితే శిబిరం ఎత్తేసిన మరునాడు ఊరికి మిగిలేదేమిటి?

కళ్లజోడు పగలడానికి శిబిరం తేదీలతో పనిలేదు. కంట్లో దెబ్బ తగలడానికీ లేదు. వరికోతల్లో ఆకు గీసుకున్నా, నూర్పిడిలో పొట్టు పడినా నల్లగుడ్డు మీద గాయమవుతుంది. ఆ గాయంలో బూజు చేరితే పుండవుతుంది. ఆకు పసరు పిండినా, మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేసుకున్నా పుండు ముదిరి పువ్వు వేస్తుంది. మొదటి ఒకటి రెండు రోజుల్లో సరైన చోటికి పంపితే నిలిచే కన్ను, పంపేవారు లేక పోతున్నది.

అందుకే ఊరికి దగ్గరలో, ఏడాది పొడవునా తెరిచి ఉండే కంటి పరీక్ష గది కావాలంటున్నాం. అందులో ఆప్టోమెట్రిస్టు, అంటే దృష్టి పరీక్షలో శిక్షణ పొందిన మనిషి, ఉండాలి. ఆ మనిషి ఆపరేషను చేయడు. చూపు కొలుస్తాడు, అద్దాల నంబరు రాస్తాడు, కంటి ఒత్తిడి చూస్తాడు. శుక్లం ముదిరినవారినీ, చక్కెర జబ్బుతో కళ్లు దెబ్బతింటున్నవారినీ ఏరి పై ఆసుపత్రికి పంపుతాడు. "డాక్టరు కానివాడి చేతిలో కన్ను పెడతారా?" అని కొందరంటున్నారు. ఊళ్లో నేడు ఎవరూ లేరన్న సంగతి వీరు మరచిపోతున్నారు. ఎవరిని పంపాలో తెలిసిన మనిషి కింద ఉంటేనే పైనున్న డాక్టరు ఉపయోగపడతాడు.

ఇలా నడిపి చూపినవారున్నారు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి సుమారు 50 వేల జనాభాకు ఒకటి చొప్పున పల్లెప్రాంతాల్లో దృష్టి కేంద్రాలు పెట్టింది. స్థానిక యువతీయువకులకే ఏడాది శిక్షణ ఇచ్చి వాటిలో పని అప్పగించింది. ఒక స్వచ్ఛంద సంస్థ చేయగలిగింది పన్నులు వసూలు చేసే ప్రభుత్వం ఎందుకు చేయలేదు? 2018లో కేంద్రం తలపెట్టిన ఆరోగ్య కేంద్రాల 12 రకాల సేవల్లో కంటి సంరక్షణ కూడా ఉన్నది. 2021లో పార్లమెంటు చేసిన చట్టం ఆప్టోమెట్రిస్టు వృత్తిని గుర్తించింది. చట్టం వచ్చింది, పథకం వచ్చింది. ఇక కుర్చీలో మనిషి కూర్చోవాలి.

ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆప్టోమెట్రిస్టు పోస్టును పర్మినెంటుగా నింపాలి. దగ్గరి చూపు అద్దాలు పరీక్ష జరిగిన రోజే ఉచితంగా చేతికివ్వాలి, పగిలితే మళ్లీ ఇవ్వాలి. కూలి పోకుండా సాయంత్రం పూట, సంతరోజున గది తెరిచి ఉంచాలి. ఆపరేషను కోసం పంపినవారికి రానుపోను చార్జీలు భరించాలి.

కార్యకర్తలు చేయవలసిన పని కూడా ఉన్నది. కూలిరేట్ల కోసం వాడవాడా తిరిగేటప్పుడు నలభై దాటినవారిని సూదిలో దారం ఎక్కించమని అడగండి. ఎక్కించలేనివారి పేర్లు రాయండి. కోతల్లో కన్ను గాయపడినవారి పేర్లు విడిగా రాయండి. ఆ జాబితా పట్టుకొని కూలి జనంతో కలిసి ఆరోగ్య కేంద్రానికీ, మండల ఆఫీసుకూ వెళ్లండి. పేర్లతో సహా అడిగినదానికి అధికారులు జవాబు చెప్పక తప్పదు.