ఇంటికి స్టార్ రేటింగ్ సరే, వాట్‌గంజ్ గదికి ఎవరిస్తారు?

ఫ్రిజ్ కొనేటప్పుడు స్టార్లు లెక్కపెడతాం. ఇల్లు కొనేటప్పుడో, అద్దెకు దిగేటప్పుడో మాత్రం పైకప్పు ఎంత వేడెక్కుతుందని అడిగేవాళ్లు తక్కువ. కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ 2019 ఫిబ్రవరిలో ఇళ్లకూ స్టార్ లేబుల్ తెచ్చింది. చదరపు మీటరుకు ఏడాదికి ఎన్ని యూనిట్లు అవసరమవుతాయో లెక్కగట్టి ఒకటి నుంచి ఐదు స్టార్లు ఇస్తారు. అయితే అది స్వచ్ఛందం. అమ్మేవారు, అద్దెకిచ్చేవారు చూపించి తీరాలన్న నిబంధన లేదు.

బ్రిటన్‌లో ఉంది. అక్కడ 2007లో అమ్మే ఇళ్లతో మొదలుపెట్టి, 2008లో అద్దె ఇళ్లకూ సర్టిఫికెట్ తప్పనిసరి చేశారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2018 ఏప్రిల్ నుంచి, కొన్ని మినహాయింపులు పోను, ‘ఈ’ గ్రేడు కూడా రాని ఇంటిని కొత్తగా అద్దెకివ్వడానికి వీల్లేదు. మన దగ్గరా అలాగే చేస్తే?

కోల్‌కతాలోని వాట్‌గంజ్‌లో పెట్టి చూద్దాం. ఖిదిర్‌పూర్ డాక్‌ల పక్కనున్న పాత పేట ఇది. 2024 ఏప్రిల్ 30న కోల్‌కతాలో 43 డిగ్రీల ఎండ కాసింది. అలాంటి రోజున రేకుల కప్పు కింద గది ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? ఇక్కడ ‘ఇంటి ఓనరు ఎవరు’ అన్న ప్రశ్నే చిక్కుముడి. కోల్‌కతా బస్తీల్లో చాలావాటిది ‘ఠికా’ పద్ధతి. 1981 చట్టంతో ఆ భూమి ప్రభుత్వపరమైంది. దానిమీద కట్టిన ఇల్లు ఠికా కౌలుదారుది. అందులో ఒక గదిలో ఉండేది భాడాటియా, అంటే అద్దెదారు. కప్పు ఒకరిది, ఉక్క మరొకరిది. సొంత మీటరు కూడా లేకపోతే యూనిట్‌కు యజమాని చెప్పిందే రేటు.

చట్టం చూపు ఇంత కిందికి ఆనదు. 2022లో సవరించిన ఇంధన పరిరక్షణ చట్టం నివాస భవనాలనూ కలుపుకుంది గానీ, 100 కిలోవాట్ల లోడు దాటితేనే. అంటే ఓ అరవై ఏసీలు ఒకేసారి నడిచేంత. ఈ హద్దును తగ్గించే అధికారం రాష్ట్రాలకు ఉంది.

పోనీ, కరెంటు బిల్లు చూసి గ్రేడు ఇచ్చేస్తే సులువు కదా అనిపిస్తుంది. అసలు తప్పు అక్కడే జరుగుతుంది. ఫ్యాను, బల్బు తప్ప ఏమీలేని గది ఐదు స్టార్లతో పాసవుతుంది. కొనలేనితనాన్ని పొదుపు ఖాతాలో రాసుకున్నట్టు!

కొలవాల్సింది కప్పును. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం ఆ పని మొదలుపెట్టింది. అయితే ఇళ్ల విషయంలో 600 గజాలు, ఆపైన స్థలాలకే తప్పనిసరి అంది. చిన్న ఇళ్లకు ఐచ్ఛికం. బస్తీ మళ్లీ బయటే.

వాట్‌గంజ్‌లాంటి చోట సర్టిఫికెట్ నాలుగు ముక్కల్లో తేలిపోవాలని నా అభిప్రాయం. కప్పు రేకా, పెంకా, స్లాబా? దానికి తెల్లపూత ఉందా? గాలి వచ్చే కిటికీ ఉందా? మీటరు ఎవరి పేరున ఉంది? ఇవి అద్దె రసీదు మీద రాస్తే చాలు, దీనికి ఇంజినీరు అక్కర్లేదు. భయమల్లా సున్నం వేసిన మర్నాడే అద్దె పెంచుతారనే. కాగితం లేని భాడాటియా దాన్ని ఎదిరించలేడు. కానీ ఠికా భూమికి ఓనరు సాక్షాత్తూ రాష్ట్ర ప్రభుత్వమే. కౌలు కొనసాగాలంటే కప్పుకు పూత వేయించాలి, దాని పేరుతో అద్దె పెంచకూడదు అని ప్రభుత్వమే షరతు పెట్టొచ్చు. ముందుగా తన కౌలుదారులనే అడగొచ్చు.